11వ నంబరు ఆవు, ఎడమ వెనుక చన్ను: ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈ మందలో పాలిచ్చే ఆవులు 18. ఒక ఆవుకు ఒక చన్ను ఎప్పుడో మూసుకుపోయింది కనుక పరీక్షించవలసినవి 71 చన్నులు. బయటికి వాపు, నొప్పి, పాలలో ముక్కలు ఏవీ కనిపించని పొదుగువాపు ఎన్నింటిలో దాగి ఉన్నదో, అందులో స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి వాటా ఎంతో, అది ఒక ఆవు నుండి మరొక ఆవుకు ఏ దారిన చేరుతున్నదో తెలుసుకోవడమే ఈ పని. ఒక్కో చన్నుకు విడిగా ఒక పాలగ్రంథి ఉంటుంది, ఒకదానిలోని పాలు మరొకదానిలోకి వెళ్ళవు. అందువల్ల లెక్క ఆవుల్లో కాకుండా చన్నుల్లో వేయాలని మొదటనే నిర్ణయించుకున్నాను.

ఉదయం 1957 నుండి వాడుకలో ఉన్న కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్టుతో మొదలుపెట్టాను. నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ తెడ్డులో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టి, అంతే కొలత ఊదారంగు ద్రావణం పోసి, తెడ్డును నేలకు సమాంతరంగా మెల్లగా తిప్పాలి. ఆ ద్రావణంలోని డిటర్జెంటు పాలలోని తెల్లకణాలను (సోకిన సూక్ష్మజీవులతో పోరాడే రక్తకణాలను) పగలగొడుతుంది. వాటి నుండి వెలువడిన డి.ఎన్.ఏ. పోగులు కలిసి జిగురు కడతాయి. కణాలు ఎంత ఎక్కువగా ఉంటే జిగురు అంత చిక్కగా ఉంటుంది. మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటితే ఆ చన్నును అనుమానించాలన్నది సాధారణంగా పాటించే హద్దు.

"పాలు చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి కదండీ, ఇందులో రోగం ఎక్కడిది?" అని పాలు పితికే పెద్దాయన అడిగారు. 11వ నంబరు ఆవు వంతు రాగానే తెడ్డును ఆయన చేతికే ఇచ్చి తిప్పమన్నాను. మూడు గిన్నెల్లో ద్రావణం నీళ్ళలా పారాడింది. ఎడమ వెనుక చన్ను గిన్నెలో మాత్రం గుడ్డులోని తెల్లసొనలా ముద్దకట్టి, తెడ్డు వంచినప్పుడు మొత్తం ఒక్కసారిగా జారిపోబోయింది. ఆయన ఇంకేమీ అడగలేదు. తెడ్డు కడిగి తరువాతి ఆవు దగ్గరికి తీసుకువెళ్ళారు.

మొత్తం 9 ఆవుల్లో 14 చన్నులు అనుమానపు జాబితాలోకి వచ్చాయి.

2వ రోజు

నమూనాలు తీయడం చూడటానికి తేలికగా ఉంటుంది గాని, ప్రయోగశాలలో తరువాత పడే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. చన్ను కొనను 70 శాతం ఆల్కహాలులో తడిపిన దూదితో, దూదికి మురికి అంటడం ఆగేదాకా తుడవాలి. తుడిచేటప్పుడు నాకు దూరంగా ఉన్న రెండు చన్నులను ముందు, దగ్గరివాటిని తరువాత తుడిచాను. పాలు పట్టేటప్పుడు వరుస తిరగబడుతుంది, దగ్గరివి ముందు, దూరపువి తరువాత. ఇలా చేస్తే తుడిచిన చన్నుకు నా ముంజేయి తగలదు. తొలి రెండు మూడు ధారలు వదిలేసి, సీసాను నిలువుగా కాక ఏటవాలుగా పట్టుకుని, మూత లోపలి వైపు దేనికీ తగలకుండా వేళ్ళ మధ్య కిందికి తిప్పి ఉంచి, 3 నుండి 5 మిల్లీలీటర్ల పాలు పట్టాను. నిలువుగా పట్టిన సీసాలోకి పొదుగు మీది వెంట్రుక, దుమ్ము రాలిపడతాయని ఇదివరకు పాడైన నమూనాల వల్ల తెలిసింది.

71 సీసాలనూ మంచు పెట్టెలో పెట్టి, అదే రోజు గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద గీశాను. ఒక్కో ప్లేటును నాలుగు భాగాలు చేసి, భాగానికి ఒక చన్ను చొప్పున, 0.01 మిల్లీలీటరు పట్టే లూపుతో (తీగ ఉంగరంతో) పాలు పూశాను. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి 18 ప్లేట్లు వెళ్ళాయి.

4వ రోజు

48 గంటల తరువాత ప్లేట్లు చూశాను. మూడు నమూనాల్లో మూడుకు మించిన రకాల కాలనీలు (సూక్ష్మజీవుల గుంపులు) కలగాపులగంగా పెరిగాయి. అవి పొదుగులోనివి కావు, నా చేతి పొరపాటు వల్ల వచ్చినవి. వాటిని మళ్ళీ తీయాలి. మిగతావాటిలో కొన్ని భాగాల్లో గుండ్రంగా, ఉబ్బెత్తుగా, లేత పసుపు రంగులో మెరిసే కాలనీలున్నాయి. వాటి చుట్టూ రక్తకణాలు పూర్తిగా కరిగిన తేటవలయం, దాని వెలుపల సగం కరిగిన మసకవలయం కనిపించాయి. పశువుల ఆరియస్‌లో ఈ జంటవలయం తరచుగా కనబడుతుంది. లోపలి వలయం ఆరియస్ విడుదల చేసే ఆల్ఫా టాక్సిన్ అనే విషం చేసిన పని, బయటిది బీటా టాక్సిన్ చేసిన పని.

గ్రామ్ రంగులు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఊదారంగు గోళాలు గుత్తులుగా కనిపించాయి. స్కాట్లండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882లో వీటికి ద్రాక్షగుత్తి అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో పేరు పెట్టాడు. రెండేళ్ళకు జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ బంగారు రంగు కాలనీలను చూసి ఆరియస్ అన్నాడు. 24 గంటల ప్లేటులో ఆ బంగారం కోసం వెతికేవారు చాలాసార్లు నిరాశపడతారు. రంగును నమ్మి జాతిని తేల్చకూడదు.

ఈ రోజు చేసిన తప్పును ఇక్కడే రాసిపెడుతున్నాను. కాటలేజ్ అనే ఎంజైము ఉందో లేదో చూసే పరీక్షలో కాలనీ మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే స్టాఫ్ (స్టాఫిలోకోకస్) అయితే నురగ వస్తుంది, గొలుసులుగా పెరిగే స్ట్రెప్టోకోకస్ అయితే రాదు. ఒక సన్నటి కాలనీని లూపుతో గట్టిగా గీకాను. నురగ వచ్చింది. స్టాఫ్ అని పట్టికలో రాసేశాను. తరువాత స్లైడు చూస్తే గుత్తులకు బదులు గొలుసులు కనిపించాయి. గీకినప్పుడు లూపుకు అంటుకున్న ఎర్ర రక్తకణాల్లోనే కాటలేజ్ ఉంటుంది, ఆ నురగ వాటిది. అదే కాలనీని రక్తం లేని న్యూట్రియెంట్ అగార్ మీద పెంచి మళ్ళీ చూసినప్పుడు ఒక్క బుడగ కూడా రాలేదు. రక్తపు ప్లేటు నుండి కాటలేజ్ చేయకూడదని పాఠంలో చదివినదే. చేత్తో చేసేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతే.

5వ రోజు

కుందేలు ప్లాస్మాతో గొట్టపు కోయాగ్యులేజ్ పరీక్ష చేశాను. కోయాగ్యులేజ్ అంటే ప్లాస్మాను గడ్డకట్టించే ఎంజైము, ఆరియస్‌ను ఇతర స్టాఫ్‌ల నుండి వేరుచేసేది ఇదే. గొట్టాన్ని 37 డిగ్రీల వద్ద ఉంచి, గంట గంటకూ మెల్లగా వంచి చూస్తూ, 4 గంటల లోపల గడ్డకట్టిందా లేదా నమోదు చేయాలి. ఈ పనిని రాత్రికి వదిలేసి మర్నాడు మాత్రమే చూడటం ప్రమాదం. కొన్ని స్టాఫ్‌లు తాము కట్టిన గడ్డను స్టాఫిలోకైనేజ్ అనే ఎంజైముతో తామే కరిగించుకుంటాయి, అప్పుడు ఉన్నది లేదనిపిస్తుంది. 4 గంటలకు గడ్డకట్టని గొట్టాలను మాత్రం 24 గంటల వరకు ఉంచాను.

లెక్క ఇలా తేలింది. స్టాఫిలోకోకస్ ఆరియస్ 5 ఆవుల్లో, 7 చన్నుల్లో ఉన్నది. 3వ నంబరు ముసలి ఆవుకు మూడు చన్నుల్లోనూ, 6, 9, 14, 17 నంబర్లకు ఒక్కో చన్నులోనూ దొరికింది. ప్లాస్మాను గడ్డకట్టించని ఇతర స్టాఫ్‌లు 6 చన్నుల్లో, స్ట్రెప్టోకోకస్ 3 చన్నుల్లో పెరిగాయి. గడ్డకట్టించని స్టాఫ్‌లు చాలావరకు చర్మం మీద నివసించేవి. పొదుగులోకి వెళ్ళినా సాధారణంగా తక్కువ నష్టం చేస్తాయి, కొన్ని వాటంతటవే పోతాయి. రెండింటినీ కలిపి "స్టాఫ్ వచ్చింది" అని ఒకే మాటగా రాసి పంపే నివేదికల వల్ల ఏ ఆవును వేరు చేయాలో, దేన్ని వదిలేయాలో యజమానికి తెలియకుండా పోతుంది. ఈ విషయంలో నాకు చాలాకాలంగా అసంతృప్తి ఉన్నది.

తెడ్డులో అంత జిగురు కట్టిన 11వ నంబరు ఎడమ వెనుక చన్ను భాగంలో ఒక్క కాలనీ కూడా లేదు.

8వ రోజు

11వ నంబరు రెండవ నమూనా కూడా ఖాళీయే. పాడైన మూడు నమూనాలను తిరిగి తీసినప్పుడు వాటిలోనూ ఏమీ పెరగలేదు. అవి నిజంగా ఖాళీవని నమ్మడానికి అభ్యంతరం లేదు, తెడ్డులో వాటి పాలు జిగురు కట్టలేదు. 11వది అలా కాదు.

9వ రోజు

ఇక్కడి కాపలా కుక్క కడుపు కింద చీముపొక్కులు, పగిలిన పొక్కుల చుట్టూ అంచులు లేచిన పొలుసుల వలయాలు ఉన్నాయి. కుక్క పాకలోనే తిరుగుతుంది, పొదుగువాపు దానికి అంటిందా అని యజమాని అడిగారు. పగలని ఒక పొక్కును శుద్ధమైన సూదితో గిల్లి, ఆ చీమును స్వాబ్‌తో (దూదిపుల్లతో) తీశాను. స్లైడు మీద చెదిరిన తెల్లకణాల కడుపులోనే గోళాలు కనిపించాయి.

రెండు రోజుల తరువాత ప్లేటు చూస్తే జంటవలయం, కోయాగ్యులేజ్ రెండూ ఉన్నాయి. అక్కడే ఆగిపోయి ఉంటే ఆవులదే కుక్కకు అంటిందని రాసేవాడిని. కాని 7.5 శాతం ఉప్పు ఉన్న మానిటాల్ సాల్ట్ అగార్ మీద ఆవుల ఆరియస్ ఒక్క రోజులో చుట్టూ పసుపు తిప్పగా, కుక్క నుండి తీసినది గులాబీరంగును మార్చలేదు. పి.వై.ఆర్. అనే ఎంజైము పరీక్షలో అది ఎర్రబడింది, ఆవులది ఎర్రబడలేదు. పాలీమిక్సిన్ బి అనే మందు నింపిన కాగితపు డిస్కు చుట్టూ అది వెనక్కి తగ్గింది, ఆవులది డిస్కు దాకా పెరిగింది. ఇది స్టాఫిలోకోకస్ సూడింటర్మీడియస్, కుక్కల సొంత స్టాఫ్. ఈ జాతిని వర్ణించినది 2005లోనే. అంతకుముందు కుక్కల నమూనాలన్నిటికీ ఇంటర్మీడియస్ అనే పేరు రాసేవారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల ముక్కులో, నోటిలో, మలద్వారం దగ్గర ఇది మామూలుగానే ఉంటుంది. చర్మం దెబ్బతిన్నప్పుడు అదను చూసుకుని లోపలికి దిగుతుంది. ఈ కుక్కకు నడుం మీద గోమారుల వల్ల అయిన గీరుడు పుండ్లున్నాయి. గోమారులు పోకుండా చీముపొక్కులు పోవు. క్లోర్‌హెక్సిడిన్ షాంపూను వారానికి రెండుసార్లు, పది నిమిషాలు ఒంటి మీద నిలిపి కడగమని, గోమారులకు మందు వేయమని చెప్పాను. కుక్క కేసు ఇంతటితో మూసివేశాను.

12వ రోజు

ఆరియస్ ఏ మందుకు లొంగుతుందో తేల్చే డిస్కు పరీక్ష చేశాను. మందు డిస్కు చుట్టూ సూక్ష్మజీవి పెరగని వలయాన్ని కొలవాలి. కంట్రోలుగా, అంటే పరీక్ష సరిగా జరిగిందో చూడటానికి పెట్టిన ఏ.టి.సి.సి. 25923 అనే ప్రామాణిక ఆరియస్ స్ట్రెయిన్‌లో 10 యూనిట్ల పెన్సిలిన్ డిస్కుకు 26 నుండి 37 మిల్లీమీటర్ల వలయం రావాలి, 24 వచ్చింది. అగార్ మందాన్ని కొలిస్తే దాదాపు 6 మిల్లీమీటర్లు ఉన్నది, ఉండవలసినది 4. మందం ఎక్కువైతే మందు లోతుకు ఇంకిపోయి వలయం చిన్నదవుతుంది. ఆ పూట చేసిన పనంతా పారవేసి, కొత్త ప్లేట్లు పోసి మళ్ళీ మొదలుపెట్టాను.

14వ రోజు

ఈసారి కంట్రోలు సరిగా వచ్చింది. 3, 14, 17 నంబర్ల స్ట్రెయిన్ల చుట్టూ పెన్సిలిన్ వలయాలు వెడల్పుగా, అంచులు మంచు కరిగినట్టు మెల్లగా పలచబడుతూ ఉన్నాయి. 6వ నంబరుది 24 మిల్లీమీటర్లు. 28 లేదా అంతకు తక్కువైతే నిరోధకత కనుక దాని విషయంలో ఆలోచించవలసింది లేదు. 9వ నంబరు చిక్కుపెట్టింది. దాని వలయం 30 మిల్లీమీటర్లు, అంకె ప్రకారం పెన్సిలిన్‌కు లొంగినట్టే. కాని ప్లేటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వలయపు అంచు గోడ కట్టినట్టు నిట్టనిలువుగా, పదునుగా ఉన్నది, అంచున కాలనీలు దట్టంగా పేరుకుని ఉన్నాయి. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే బీటాలాక్టమేజ్‌ను తయారుచేసే స్టాఫ్‌కు అంచు ఇలాగే వస్తుంది. 9ని నిరోధకత ఉన్నదిగానే రాశాను. స్కేలుతో కొలిచి అంకె రాసేసే అలవాటు ఉన్నవారు ఈ ఆవుకు పెన్సిలిన్ ఎక్కించి, తగ్గలేదేమని నెల తరువాత ఆశ్చర్యపోయేవారు.

సెఫాక్సిటిన్ డిస్కు చుట్టూ ఐదింటికీ 22 మిల్లీమీటర్లకు మించిన వలయం వచ్చింది, అంటే పెన్సిలిన్ కుటుంబపు మందైన మెథిసిలిన్‌కు లొంగని రకం ఇక్కడ లేదు. ఆ రకం పశువులలో మొదటిసారి బయటపడినది కూడా పొదుగువాపు పాలలోనే, 1972లో బెల్జియంలో. కుక్క స్ట్రెయిన్‌కు సెఫాక్సిటిన్ డిస్కు సరిగా చెప్పదు కనుక దానికి ఆక్సాసిలిన్ డిస్కు వాడాను, అదీ లొంగింది.

15వ రోజు

పితికే వరుసను కాగితం మీద వేశాను. 6, 9, 11 ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఈ మూడింటినీ ఒకే చేతులతో, ఒకే తడిగుడ్డతో, మధ్యలో కడగకుండా పితుకుతున్నారు. గుడ్డ నుండి, బకెట్టు నీటి నుండి, పెద్దాయన రెండు అరచేతుల నుండి, నా చేతి తొడుగు నుండి స్వాబ్‌లు తీసి మానిటాల్ సాల్ట్ అగార్ మీద పూశాను.

17వ రోజు

గుడ్డ, అరచేతులు, తొడుగు మూడూ పసుపు తిప్పాయి. కోయాగ్యులేజ్ కూడా వచ్చింది. నీటిలో లేదు. మనుషుల్లో సుమారు మూడో వంతు మంది ముక్కులో ఆరియస్ ఉంటుంది కనుక అరచేతి మీద దొరికినది ఆవుదేనని జన్యు రకం చూడకుండా ఖాయంగా అనలేను. నా తొడుగు విషయంలో మాత్రం సాకు లేదు. మొదటి రోజు తెడ్డు పరీక్షకు ఒకే జత తొడుగులతో 71 చన్నులూ పట్టుకున్నాను. రోగం వెతకడానికి వచ్చి దానికి బండి కట్టినట్టయింది.

ఈ రోజు నుండి పద్ధతి మారింది. తొలి ఈత ఆవులు, ఏమీ దొరకని ఆవులు ముందు, గడ్డకట్టించని స్టాఫ్ ఉన్నవి తరువాత, ఆరియస్ ఉన్నవి చివర. 11ని కూడా, ఏమీ దొరకకపోయినా, చివరి గుంపులోనే పెట్టాను. ఆవుకొక పొడిగుడ్డ, ఆవు మారగానే కొత్త తొడుగులు. పితకడం ముగిసిన వెంటనే నాలుగు చన్నులనూ అయొడిన్ ద్రావణంలో ముంచాలి. చన్ను రంధ్రం మూసుకునేదాకా ఆవు పడుకోకుండా, ఆ సమయంలోనే మేత వేయాలి. "చివరిదాకా పితికి మళ్ళీ చన్నులు ముంచడమంటే ఇంకో గంట పడుతుందండీ" అన్నారు పెద్దాయన. నిజానికి పట్టింది ఇరవై నిమిషాలు.

18వ రోజు

11వ నంబరుకు మూడవ నమూనా. ఆరియస్ పొదుగులో చీముగడ్డల్లో గూడుకట్టుకుని, తెల్లకణాల లోపల కూడా బతుకుతూ, పాలలోకి ఒకరోజు విడుదలై మరొకరోజు కాకుండా ఉంటుంది. ఒక్క నమూనాతో నాలుగింట సుమారు మూడు మాత్రమే పట్టుబడతాయి. మూడు నమూనాలు తీస్తే దాదాపు అన్నీ దొరుకుతాయి. పైగా 0.01 మిల్లీలీటరు లూపుతో పూసినప్పుడు, మిల్లీలీటరుకు 100 కంటే తక్కువ సూక్ష్మజీవులుంటే ప్లేటు మీద ఒక్క కాలనీ కూడా రాకపోవచ్చు. అందుచేత ఈసారి నమూనాను ఒక రాత్రి గడ్డకట్టించి, కరిగించి, 0.1 మిల్లీలీటరును ప్లేటంతా పూశాను. గడ్డకట్టి కరిగేటప్పుడు కణాలు పగిలి లోపల దాగినవి బయటపడతాయి.

21వ రోజు

తొమ్మిది కాలనీలు వచ్చాయి. జంటవలయం ఉన్నది, కోయాగ్యులేజ్ రెండు గంటల్లోనే గడ్డకట్టింది. పెన్సిలిన్ వలయపు అంచు 9వ నంబరుదానిలాగే పదునుగా ఉన్నది. ఇది పోలిక మాత్రమే, రుజువు కాదు. ఆరియస్ ఉన్న ఆవులు ఆరయ్యాయి.

23వ రోజు

ప్రాజెక్టుకు సంబంధం లేని మేకను తెచ్చారు. ఈని వారం కాలేదు. పొదుగు కుడి సగం నీలినలుపుగా మారి, చేయి పెడితే చల్లగా తగిలింది. ఆరోగ్యమైన చర్మానికీ, చచ్చిన చర్మానికీ మధ్య గీత గీసినట్టు స్పష్టమైన హద్దు ఉన్నది. పితికితే పాలకు బదులు ఎర్రటి నీళ్ళు, వాటితో గాలిబుడగలు వచ్చాయి. ఆవులో నెలల తరబడి మౌనంగా ఉండే ఈ సూక్ష్మజీవే మేకల్లో, గొర్రెల్లో ఆల్ఫా టాక్సిన్‌తో రక్తనాళాలను దెబ్బతీసి ఒకటి రెండు రోజుల్లో పొదుగును కుళ్ళబెట్టగలదు. చికిత్స ఆ సగాన్ని కాపాడటానికి కాదు, మేకను బతికించడానికి. మేక బతికింది. చచ్చిన భాగం తరువాత ఊడిపోతుందని, అప్పటిదాకా పుండును శుభ్రంగా ఉంచాలని, పిల్లలకు పాలు వేరేగా పట్టాలని చెప్పాను.

25వ రోజు

"మరిగిస్తే అంతా చచ్చిపోతుంది కదా, ఆ చివరి ఆరు ఆవుల పాలు పారవేయడం ఎందుకు?" అని యజమాని అడిగారు. సూక్ష్మజీవి చస్తుంది. పాలు వెచ్చటి చోట గంటల తరబడి ఉండిపోతే అది తయారుచేసే ఎంటిరోటాక్సిన్ అనే విషం మాత్రం మరిగించినా పోదు. ఫిలిప్పీన్స్‌లో బార్బర్ అనే పరిశోధకుడు 1914లోనే పొదుగువాపు ఉన్న ఆవు పాలను గది వేడిలో నిలవ ఉంచి తాగి, వాంతులు విరేచనాలు తెచ్చుకుని ఈ సంగతి చూపాడు. అలాంటి రుజువు ఇంకొకసారి అక్కరలేదు.

40వ రోజు

ఏ ఆవుకు మందు, దేనికి కాదు అన్నది ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం. 14వ నంబరుకు తొలి ఈత, ఒకే చన్ను, పెన్సిలిన్‌కు లొంగే రకం. నయమయ్యే అవకాశం ఉన్నది ఇలాంటి ఆవుకే కనుక 16వ రోజున దానికి చికిత్స మొదలుపెట్టాను. మందు ఆపిన తరువాత మూడు వారాల్లో తీసిన మూడు నమూనాలూ ఖాళీగా వచ్చాయి. 17వ నంబరుకూ లొంగే రకమే, కాని ఆ చన్ను పైన పొదుగులో నిమ్మకాయంత గట్టి ముద్ద చేతికి తగులుతున్నది. మచ్చకట్టిన ఆ కండలోకి మందు చేరదు. దాన్ని, 6, 9, 11 నంబర్లను పాలు ఆపేదాకా ఆగి, ఒట్టిపోయే ముందు పొదుగులోకి ఎక్కించే మందుతో చూడాలని నిర్ణయించాను. 6, 9, 11 నంబర్లకు బీటాలాక్టమేజ్‌కు తట్టుకునే క్లాక్సాసిలిన్ వాడాలి. 3వ నంబరుకు ఐదు ఈతలు, మూడు చన్నులు. మందు పేరు కూడా రాయలేదు. మంద నుండి తీసివేయమన్నాను. యజమాని రెండు రోజులు మాట్లాడలేదు, మూడవ రోజు తీసేశారు.

61వ రోజు

రెండవ విడతగా మంద మొత్తం నుండి నమూనాలు తీశాను. ఈసారి ఆవుకొక జత తొడుగులు. ముందు గుంపులో ఒక్క ఆరియస్ కూడా ఉండదనుకున్నాను. 16వ నంబరు తొలి ఈత ఆవు కుడి ముందు చన్నులో దొరికింది, వలయపు అంచు పదునైనదే. వరుస పుస్తకం తిరగేస్తే, పెద్దాయన సెలవులో ఉన్న మూడు రోజులు బదులు వచ్చిన మనిషి దగ్గరగా ఉన్న ఆవులను ముందు పితికినట్టు కనిపించింది. 9 తరువాత 16. ఆ మూడు రోజులూ అయొడిన్ గిన్నె కూడా నిండుగానే ఉండిపోయింది. వరుస కాగితం గోడ మీద ఉన్నది గాని, అందులోని నంబర్లు ఏ ఆవువో బదులు మనిషికి చెప్పినవారు లేరు. ఆరియస్ ఉన్న ఆవుల కాలికి ఈ రోజు ఎర్రటి పట్టీలు కట్టాము.

66వ రోజు

11వ నంబరు పాలు ఈ రోజు ఆపేశాము. చివరిసారి పూర్తిగా పితికి, చన్ను కొనలను ఆల్కహాలుతో తుడిచి, నాలుగింటిలోనూ మందు గొట్టాలు ఎక్కించి, పైన అయొడిన్ ముంచాము. ఎడమ వెనుక చన్నులో గొట్టపు మొనను పూర్తిగా లోపలికి తోయకుండా, రంధ్రపు మొదటి మూడు నాలుగు మిల్లీమీటర్ల వరకే దించాను. లోతుగా తోస్తే రంధ్రపు గోడకున్న కెరటిన్ పొర చెదిరి, బయటి సూక్ష్మజీవులకు దారి ఏర్పడుతుంది. పెద్దాయన తోక పట్టుకుని నిలబడి, "ఈనేదాకా దీని సంగతి తెలియదన్నమాట" అన్నారు. తెలియదు. ఈనిన తరువాత వారం వారం చొప్పున మూడు నమూనాలు తీయాలి, ఒక్కటి ఖాళీగా వచ్చినంత మాత్రాన చివరి గుంపు నుండి దీన్ని బయటికి తేకూడదు. ఆ మూడు విడతలకు పన్నెండు సీసాల మీద 11 అని రాసి, మూతలు బిగించి పెట్టెలో పెట్టాను.